దివిసీమ దున్న, రెండు నీలం గీతలు

మీ అమ్మాయి ఏం చేస్తోందని ఎవరడిగినా మా నాన్నగారు "పాల డిపార్ట్‌మెంటండీ" అని చెప్పి మాట మార్చేసేవారు. అందులో అబద్ధం లేదు. గేదె ఎదకు రావాలి, చూడి కట్టాలి, ఈనాలి, ఆ తర్వాతే పాలు. ఆ వరసలో అన్నిటికంటే ముందు మెట్టు దగ్గర నా ఉద్యోగం. విత్తనపు దున్నల వీర్యం మంచిదో కాదో పరీక్ష చేసే ల్యాబులో నేను సహాయకురాలిని.

ఒకసారి పెళ్ళిచూపులకి వచ్చిన పెద్దాయన అంతటితో ఊరుకోలేదు. "పాలంటే ఏంటమ్మా, ప్యాకెట్లలో నింపడమా?" అని అడిగాడు. "కాదండీ, దున్నపోతుల వీర్యంలో ప్రోటీన్లు చూస్తాం" అన్నాను. ఆయన చేతిలో కాఫీ గ్లాసు గాల్లో ఆగిపోయింది. పెళ్ళికొడుకు తల వంచుకుని జంతికల ప్లేటు వంకే చూస్తూ కూర్చున్నాడు. వాళ్ళ దగ్గర్నుంచి మళ్ళీ కబురు రాలేదు. నాన్నగారు కొన్నాళ్ళు నాతో ముభావంగా ఉన్నారు గానీ, నాకు మాత్రం ఆ సాయంత్రం చాలా హాయిగా అనిపించింది. నా నోరు అప్పట్నుంచీ అంతే.

మా ఇల్లు బందరులో, ల్యాబు గుడివాడ దగ్గర. తొంభైలు ముగిసి రెండువేలలోకి వస్తున్న రోజులవి. చలికాలంలో పొద్దున్నే బస్సెక్కితే పెడన దాటేసరికి రోడ్డుకి రెండు పక్కలా మంచు కమ్మేసేది. వరికుప్పలు లేవు, కాలవలు లేవు, తాడిచెట్లు లేవు. బస్సు ముందుకి పోతోందో, మంచే మమ్మల్ని దాటుకుని వెనక్కి పోతోందో తెలిసేది కాదు. గుడ్లవల్లేరులో ఇంజనీరింగ్ కాలేజీ పిల్లలు బిలబిలమంటూ దిగిపోయాక బస్సంతా నిశ్శబ్దం. నేను కిటికీకి తల ఆనించి, నిద్రకీ మెలకువకీ మధ్య ఎక్కడో ఉండేదాన్ని. ముందురోజు మైక్రోస్కోపులో చూసినవన్నీ అప్పుడు మూసిన కళ్ళ వెనక మళ్ళీ కదిలేవి.

మంచి దున్న వీర్యం ఒక బొట్టు గాజుపలక మీద వేసి చూస్తే, ముందు కణాలేవీ విడివిడిగా కనబడవు. బొట్టంతా కదులుతుంది. అలలు లేస్తాయి, సుడులు తిరుగుతాయి, ఒకటి విరిగేలోపు ఇంకోటి పుడుతుంది. పైరగాలికి చేను చేనంతా వాలి లేస్తున్నట్టు ఉంటుంది. మొదటిసారి చూసినరోజు నేను కన్ను తియ్యలేకపోయాను. మా ల్యాబు పెద్ద, రిటైర్మెంటు దగ్గరపడ్డ పశువుల డాక్టరుగారు, వెనక నుంచి "చాలమ్మా, దిష్టి తగులుతుంది వాటికి" అన్నారు. ఆయన నవ్వకుండా హాస్యమాడే మనిషి.

అయితే అలలొక్కటే చాలవు. అలలు బాగా కొట్టే దున్న దాటినా కొన్ని ఊళ్ళలో గేదెలు చూడి కట్టకుండా పొర్లుతుండేవి, అంటే మళ్ళీ ఎదకొచ్చేవి. అందుకని డాక్టరుగారు కణాలతో పాటు, కణాలు ఈదే ద్రవాన్ని కూడా పట్టుకున్నారు. ఆ ద్రవంలో రకరకాల ప్రోటీన్లుంటాయి. వాటిలో కొన్ని దండిగా ఉన్న ఆబోతుల వల్ల ఆవులు తొందరగా చూడి కడుతున్నాయని పై దేశాలవాళ్ళు అప్పటికే రాశారు. మన ముర్రా దున్నల్లోనూ అలాంటి గుర్తు ఏదైనా దొరుకుతుందా అని మేం వెతుకుతున్నాం. దొరికితే, ఊరి గేదెలన్నీ ఏడాదిపాటు వట్టిపోకముందే దున్న సంగతి తెలిసిపోతుంది.

ఆ పనిలో నాకిష్టమైంది జెల్ కడగడం. పల్చటి అద్దంలాంటి జెల్ పలక మీద ఒక్కో దున్న ద్రవం ఒక్కో గడిలో పోసి కరెంటు పెడితే, ప్రోటీన్లు తమ తమ సైజుని బట్టి కిందికి దిగుతాయి. తర్వాత రంగులో నానబెడితే పలకంతా ముదురు నీలం అయిపోతుంది. అప్పుడు ఏమీ కనబడదు. ఇక కడుగుతూ, నీళ్ళు మారుస్తూ కూర్చోవాలి. నీలం కొంచెం కొంచెంగా వదులుతుంది. తెల్లవారుజామున చీకటి పల్చబడి ముందు చెట్లు, తర్వాత ఇళ్ళు తేలినట్టు, ఒక్కో గీతా తేలుతుంది. మధ్యాహ్నాలు ఆ ట్రే పక్కన కూర్చుని ఊపుతూ ఉంటే, కిటికీ బయట చేలో కొంగలు దిగడం లేవడం, లోపల నీలం వదలడం, రెండూ ఒకే పనిలా అనిపించేవి. ఎవరైనా పిలిస్తే ఉలిక్కిపడేదాన్ని.

బాగా చూడి కట్టించే దున్నలన్నిటికీ రెండు గీతలు చిక్కగా పడుతున్నాయని మాకు మెల్లగా అర్థమవుతూ వచ్చింది. ఒకటి పలక మధ్యలో లావుగా, ఇంకోటి దానికి బాగా దిగువన సన్నగా. వాటిని మనసులో అక్కా చెల్లీ అని పిలుచుకునేదాన్ని. డాక్టరుగారికి చెబితే, "అక్కచెల్లెళ్ళు సాక్ష్యానికి పనికొస్తారు గానీ తీర్పుకి కాదు. తీర్పు మైక్రోస్కోపుదే" అన్నారు. ఆఫీసు లెక్కలో ఆఖరి మాట అదే. కణాలు చచ్చి ఉంటే ఆ దున్న పనికిరాదు. వట్టలు నొక్కించి బండికి కట్టుకోమనో, అమ్మేసుకోమనో చెప్పేవారు.

ఆ పరీక్షల కోసమే ఒక చలికాలం దివిసీమ వెళ్ళాం. పులిగడ్డ అక్విడక్టు దాటి, అవనిగడ్డ దాటి, కోడూరు కూడా దాటాక గాలిలో ఉప్పు తగిలే చోట ఊరు. చేపల వేట మీద బతికే కుటుంబాలు, పక్కనే వరి చేసే కుటుంబాలు. పశువుల డిస్పెన్సరీ అంటే ఒక రేకుల షెడ్డు, దాని ముందు పశువుల్ని నిలబెట్టే ఇనప చట్రం. చుట్టుపక్కల విత్తనపు దున్నలన్నిటినీ అక్కడికి తోలుకొచ్చారు.

అన్నిట్లోకీ ఒకటి వేరేగా కనబడింది. నిగనిగలాడిపోతోంది. కొమ్ములు ఉంగరాలు తిరిగి, ఒంటిమీద మచ్చుకి కూడా బురద లేకుండా, నల్లరాయి కడిగి పెట్టినట్టుంది. దాన్ని పట్టుకొచ్చింది ఒక ఆడమనిషి. నలభై లోపే ఉంటుంది. మెడ బోసిగా ఉంది. భర్త జ్వరంతో పోయి ఏడాది తిరగలేదని డిస్పెన్సరీ ఆయన చెప్పాడు. పడవ పాడయ్యాక వేట మానేసిన భర్త, దూడగా ఉన్నప్పుడే ఈ దున్నను తెచ్చి పెంచాడట. ఆయన పోయాక ఆవిడే చూసుకుంటోంది. పొద్దున్న ఎండు చేపలు అమ్ముకొచ్చి, మిగతా పొద్దంతా దున్నతోనే.

"ఇంత శుభ్రమైన దున్నని నా సర్వీసులో చూడలేదమ్మా" అన్నారు డాక్టరుగారు. ఆవిడ మొహం విచ్చుకుంది. తలొంచుకుని కొంగు సర్దుకుంది.

గోరువెచ్చటి నీళ్ళు నింపిన రబ్బరు గొట్టంలో వీర్యం పట్టారు. గొట్టం చివర గాజు సీసాలో అది దండిగానే వచ్చింది. పైన కాస్త నురగ ఉంది. పశువు గట్టిగా దూకితే నురగ మామూలే అనుకుని పలక మీద బొట్టు వేసి చూశాను. కణాలు లెక్కకి మించి ఉన్నాయి. ఒక్కటీ కదలడం లేదు. గాలి ఆగిపోయిన చేను. లెన్సు తిప్పి తిప్పి చూశాను. డాక్టరుగారు చూశారు. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

ఆవిడ పక్కన నిలబడ్డ మరిది అది కనిపెట్టేశాడు. బలిష్ఠమైన మనిషి, గొంతు కూడా అంతే. "నేను ముందే చెప్పానండీ. మా అన్నయ్య ఉన్నన్నాళ్ళు ఏ గేదె పొర్లింది? అన్నీ ఒక్క దాటుకే నిలిచాయి. మొగుడు పోయిన ఆడమనిషి చెయ్యి తగిలితే విత్తనం నిలుస్తదా? మా ఊళ్ళో పసిపిల్లాణ్ణడగండి, చెబుతాడు" అన్నాడు. అక్కడున్నవాళ్ళలో ఇద్దరు ముగ్గురు తలూపారు. ఆవిడ పలుపు తాడు వంక చూస్తూ నిలబడింది.

నాకు ఒళ్ళు మండిపోయింది. "చెయ్యి తగిలితే చచ్చిపోవడానికి ఇవేమైనా అత్తిపత్తి ఆకులా?" అన్నాను. డాక్టరుగారు నా వంక చూసి దగ్గారు. ఇంకోసారి పరీక్ష చేస్తామనీ, అప్పటిదాకా దున్నను ఏమీ చెయ్యొద్దనీ చెప్పారు. మరిది "అప్పుడూ ఇంతేనండీ. అమ్మేసి వదిన్ని పుట్టింటికి పంపుదామనుకుంటన్నాం. ఈ దున్న లేకపోతే ఆవిడకి మాత్రం ఇక్కడేం పని" అన్నాడు, ఆవిడ అక్కడ లేనట్టే. నాకు అప్పుడు అర్థమైంది, ఆ ఇంట్లో ఆవిడ నిలబడ్డ చోటు ఎంతో. దున్న కట్టేసిన గుంజ ఉన్నంత మేరే.

రెండోసారి వెళ్ళేసరికి దున్న ఇంకా మెరిసిపోతోంది. కొమ్ములకి నూనె కూడా రాసింది ఆవిడ. డాక్టరుగారి మెప్పు ఆవిడ మనసులో బాగా నాటినట్టుంది. నేను దగ్గరికి వెళ్ళి "వదినా, భయపడకండి" అన్నాను. ఏ వరసా లేకుండానే ఆ మాట వచ్చేసింది. "నాకు భయమెందుకండీ అమ్మాయిగారూ, దానికి ఏ లోటూ చెయ్యలేదు నేను. ఆయనున్నప్పటి కంటే బాగా చూస్తన్నాను" అంది.

పలక మీద మళ్ళీ అదే. గాలి లేని చేను. ఈసారి నురగ ఇంకొంచెం ఎక్కువగా ఉందనిపించింది.

పనికిరాదని రాయక తప్పదన్నారు డాక్టరుగారు. జీపులో కరకట్ట మీద వస్తుంటే నదిలోకి ఎండ వాలుతోంది. నా ఒళ్ళో ఐసు డబ్బా. అందులో ఆ దున్న ద్రవం, మిగతా దున్నల ద్రవాలు. కుదుపుకి సీసాలు ఒకదానికొకటి తగిలి చిన్నగా చప్పుడు చేస్తుంటే, గుంజ దగ్గర పలుపు పట్టుకుని నిలబడ్డ మనిషే కనబడింది నాకు.

మర్నాడు జెల్ పెట్టాను. ఆ రోజు వాన ముసురు పట్టింది. ల్యాబులో మధ్యాహ్నానికే దీపాలు వేశారు. నేను ట్రే ఊపుతూ కూర్చున్నాను. నీలం వదలదు, వదలదు. కిటికీ అద్దం మీద నీళ్ళు జారుతుంటే బయట చేలు కరిగి ఒకదాంట్లోకి ఒకటి కలిసిపోతున్నాయి. ఎప్పుడో కళ్ళు మూతలు పడ్డాయి. తెరిచేసరికి పలక తేటపడి ఉంది. దివిసీమ దున్న గడిలో అక్కా చెల్లీ ఇద్దరూ ఉన్నారు. మిగతా మంచి దున్నల కంటే చిక్కగా.

చాలాసేపు నమ్మలేదు. గడులు మారాయేమోనని వరస సరిచూసుకున్నాను. మారలేదు. పలకని దీపం పెట్టె మీద పెట్టి డాక్టరుగారిని పిలిచాను.

"ద్రవం చేసే గ్రంథులు బంగారంలా ఉన్నాయి" అన్నారాయన చాలాసేపు చూశాక. "కణాలు కూడా లెక్కకి సరిపడా ఉన్నాయి. ఆకారంలో లోపం లేదు. లోపం ఒంట్లో ఉంటే ఎక్కడో ఒకచోట కనబడాలి కదమ్మా."

"మరెలా చచ్చాయి సార్?"

"బయటికి వచ్చాక చచ్చుండాలి. మన సీసాలు కడగడంలో తేడా అంటే, అదే రోజు మిగతా దున్నలవి బతికే ఉన్నాయే." ఆయన కుర్చీలో వెనక్కి వాలారు. "ఇంకోసారి వెళ్ళే దాకా రిపోర్టు ఆపుతాను. ఎక్కువ కాలం ఆపలేను."

ఆ ఆదివారం నేను ఎవరికీ చెప్పకుండా బందరులో బస్సెక్కాను. ఎందుకు వెళ్తున్నానో నాకే సరిగ్గా తెలియదు. ఏం తింటోంది, ఎక్కడ పడుకుంటోంది, ఏదైనా మందు చల్లిన గడ్డి మేస్తోందా, అలాంటివి చూద్దామనుకున్నాను. మంచులో మోపిదేవి, మంచులో అవనిగడ్డ. పక్కన కూర్చున్న ముసలామె బుట్టలో చామంతులు. ఆ వాసనకి తూగుతూ, జెల్ పలక మీద నేనే ఒక గడిలోంచి కిందికి దిగుతున్నట్టు కలగన్నాను. దిగుతూ ఉన్నాను, ఎక్కడ ఆగాలో తెలియడం లేదు. కండక్టరు ఊరి పేరు అరిస్తే లేచాను.

వాళ్ళిల్లు కాలవ గట్టు మీద. దడి మీద వలలు, పందిరి మీద ఆరేసిన చేపలు. ఆ చలిలో పెరట్లో పొయ్యి మీద కాగు నీళ్ళు మరుగుతున్నాయి. ఆవిడ చీర కుచ్చిళ్ళు ఎగదోపి, పెద్ద బేసిన్లో ఏదో పిసుకుతోంది. తెల్లటి నురగ మోచేతుల దాకా ఉంది. దున్న కళ్ళు సగం మూసుకుని నిలబడి ఉంది, తలంటు కోసం ఓపిగ్గా కూర్చున్న పిల్లలా.

"రండి అమ్మాయిగారూ, కూర్చోండి. గేదెని తోలుకొస్తామని కబురు పంపారు. చాన్నాళ్ళకి ఒకళ్ళు వస్తన్నారు. దీనికి నీళ్ళోసేస్తాను" అంది.

"రోజూ ఇలాగే పోస్తారా?"

"రోజూ ఎక్కడ కుదురుద్దండీ. గేదె వచ్చినప్పుడు. మీరు పరీక్షకి పిలిచినప్పుడు. మంచి పనికి వెళ్ళేటప్పుడు మనం తలంటుకోకుండా వెళ్తామా? నోరు లేనిదైతే మాత్రం?"

ఆవిడ కుంకుడు రసం వీపు మీద పోసింది. మెడ రుద్దింది, డొక్కలు రుద్దింది. తర్వాత వంగి, చెంబుతో పొట్ట కింద, తోలు తిత్తి లోపలికి కూడా పోసి చేత్తో శుభ్రంగా కడిగింది. దున్న కదలలేదు. దానికి అలవాటే. "ఇక్కడే ముఖ్యం కదండీ. శుభ్రంగా ఉంటే మంచిది" అంది నా వంక చూడకుండా, కొంచెం సిగ్గుపడుతూ.

నురగ బొట్లు బొట్లుగా నేల మీదకి జారుతోంది. నేను దాని వంకే చూస్తున్నాను. గాజు సీసాలో పైన తేలిన నురగ గుర్తొచ్చింది. చిన్నప్పుడు కుంకుడు రసం కంట్లో పడితే ఇల్లు ఎగిరిపోయేలా ఏడ్చేదాన్ని నేను. నా కన్నే ఓర్చుకోలేనిది, కంటికి కనబడని ప్రాణం ఎలా ఓర్చుకుంటుంది?

నిజమని తేలకుండా ఆ మాట ఆవిడతో అనలేకపోయాను. "వదినా, ఈ గేదెని వారం ఆగి తోలుకురమ్మనండి. మేం వచ్చేదాకా దీనికి కుంకుడు రసం పొయ్యకండి. మామూలు నీళ్ళు కూడా వద్దు. పొడిగుడ్డతో తుడవండి చాలు" అన్నాను.

ఆవిడ చెంబు దించేసింది. "తానం చేయించకుండా పెద్దాయన ముందుకి ఎట్టా తీసుకురానండీ? ఏవనుకుంటారు?"

"ఏమీ అనుకోరు. నా మాట వినండి."

"సరేనండి" అంది. నమ్మలేదని మొహమే చెబుతోంది.

సోమవారం ల్యాబులో మా సొంత దున్న వీర్యం ఒక బొట్టు పలక మీద వేశాను. అలలు లేచాయి. ఇంట్లోంచి పొట్లం కట్టుకొచ్చిన కుంకుడుకాయని నానబెట్టి, ఆ రసం సూదిమొన మీద నిలిచేంత, బొట్టు అంచున తాకించాను. అంచు దగ్గర అల ఆగింది. ఆగడం అక్కణ్ణుంచి లోపలికి పాకింది. చేను మీద గాలి ఒక గట్టు నుంచి ఇంకో గట్టు దాకా పడిపోతూ వచ్చినట్టు, చివరి సుడి కూడా నిలిచిపోయింది. ఇన్నాళ్ళ వెతుకులాటకి జవాబు దొరికినందుకు సంతోషించాల్సింది. నాకు ఏడుపొచ్చింది. అంత ప్రేమగా పిసికిన రసం అది. ఆదివారం పెరట్లో చూసిందంతా చెప్పి చూపిస్తే, డాక్టరుగారు లెన్సులోంచి తలెత్తి, "మెచ్చుకుని మరీ పోయించాం కదమ్మా" అన్నారు.

దానికంటే పెద్ద చిక్కు నాకు రాత్రి అన్నం తింటుంటే తట్టింది. ఆవిడ చెయ్యి తగిలి విత్తనం చస్తోందని మరిది అన్నాడు. అది మూఢనమ్మకమని నేను మండిపడ్డాను. ఇప్పుడు నేను కనిపెట్టింది కూడా మాటవరసకి అదే. ఆవిడ చేతుల్లోంచే వచ్చింది చావు. భర్త పోయాకే మొదలైంది. ఊరు అన్న రెండు ముక్కలూ నిజమే, కారణం ఒక్కటే అబద్ధం. నేను సైన్సు చెబితే ఊరు వినేది మాత్రం తాను అన్న రెండు ముక్కలే. ఆ అన్నం సగంలోనే చెయ్యి కడిగేసుకున్నాను.

మూడోసారి వెళ్ళిన రోజు మంచు త్వరగా విడిచింది. దున్నని దూరం నుంచి చూసి మొదట గుర్తుపట్టలేదు. మోకాళ్ళ దాకా ఎండిన బురద, వీపు మీద గడ్డిపరకలు. ఆవిడ దాని పక్కన తల దించుకుని నిలబడింది, పిల్లని మాసిన గౌనుతో బడికి తెచ్చిన తల్లిలా. మరిది చేతులు కట్టుకుని నిలబడి, "చూశారా, ఇప్పుడు దాన్ని పట్టించుకోడం కూడా మానేసింది" అన్నాడు.

వీర్యం పట్టారు. నురగ లేదు. మీగడలా చిక్కగా ఉంది. పలక మీద బొట్టు వేసి లెన్సులో కన్ను పెట్టాను. ముందంతా మసక. మర తిప్పాను.

చేనంతా లేచింది.

డాక్టరుగారిని పిలిచాను. ఆయన చూసి, లేచి, ఆ మరిదిని పిలిచి చూడమన్నారు. ఆ మనిషి వంగి, ఒక కన్ను గట్టిగా మూసుకుని చాలాసేపు చూశాడు. "ఇవన్నీ దీనివేనా?" అని అడిగాడు. అవునన్నాం. తర్వాత ఆవిడ చూసింది. లెన్సు దగ్గర నుంచి తల తీశాక కూడా ఆ కన్ను మూసే ఉంచుకుంది కాసేపు.

"దున్నకి ఏ లోపమూ లేదు. మేలైన దున్న. అమ్మొద్దు" అన్నారు డాక్టరుగారు.

"మరి ఇన్నాళ్ళూ ఎందుకు నిలవలేదండీ?" అన్నాడు మరిది.

డాక్టరుగారు నా వంక చూశారు. నేను నోరు తెరిచాను, మాట రాలేదు. ఎక్కడ మొదలుపెట్టినా ఆవిడ చేతుల దగ్గరికే వచ్చి ఆగుతోంది. నా జీవితంలో నా నోరు నన్ను మోసం చేసింది ఆ ఒక్కరోజే.

ఆవిడ నా మొహంలోకి చూసింది. తర్వాత దున్న కాళ్ళ మీది బురద వంక చూసింది. ఆవిడకి తెలిసిపోవడం నాకు కనబడింది.

"కుంకుడు రసం కదండీ?" అంది నెమ్మదిగా.

నేను తలూపాను.

ఆవిడ మరిది వైపు తిరిగింది. ఆ గొంతు అంతకు ముందు నేను విన్న గొంతు కాదు. "విన్నావా? కుంకుడు రసానికి చచ్చినయ్యంట. నేను పోశా కాబట్టి కాదు. నువ్వు పోసినా చచ్చేయి, మీ అమ్మ పోసినా చచ్చేయి. పసుపు కుంకాలతో ఉన్న మీ ఆవిడ పోసినా చచ్చేయి. కావాలంటే ఆ అద్దంలోనే పోసి చూపిస్తారు, అడుగు."

"అవును, చూపిస్తాం" అన్నారు డాక్టరుగారు వెంటనే.

మరిది ఆ అద్దం వంక చూశాడు, దున్న వంక చూశాడు. అడగలేదు. కాసేపటికి "సరే, ఇంటికి తోలుకుపోదాం పద వదినా" అన్నాడు. ఆవిడ పలుపు అతనికి ఇవ్వలేదు.

మర్నాడు సెలవు కావడంతో నేను జీపులో గుడివాడ వెళ్ళకుండా, అటు నుంచి అటే బందరు బస్సెక్కుదామని ఉండిపోయాను. ఆవిడ దున్నని కట్టేసి, నాతో కాలవ గట్టు మీద బస్సు ఆగే చోటికి వచ్చింది. మధ్యాహ్నపు ఎండ మెత్తగా ఉంది. కాలవలో నీళ్ళు కదులుతున్నట్టే లేవు. ఆవిడ మొహంలో గెలిచిన కళ ఉంటుందని ఎదురుచూశాను. లేదు. ఏదో లోపల్లోపల తిప్పుకుంటున్నట్టు నడుస్తోంది. తప్పు చేశానని బాధపడుతోందేమోనని, "తెలియక చేశారు వదినా, మీ తప్పేం లేదు" అన్నాను.

"అది కాదండీ" అంది. రాతి మీద కూర్చుంది. "మీ అన్నయ్య దానికి ఒక్కనాడు చెంబుడు నీళ్ళు పోసి ఎరగడు. కాలవలో దొర్లి లేస్తే అదే దాని తానం అనేవాడు. ఎండు చేపల్లో పుట్టి పెరిగినదాన్ని, నాకే కడుపులో తిప్పేది ఆ కంపు. రోజూ పోట్లాటే మాకు. నీళ్ళు పొయ్యమంటాను నేను, వద్దంటాడు ఆయన. దాని సంగతి నీకేం తెలుసంటాడు. ఆయన పోయాక, ఇక నన్నాపే వాళ్ళెవరని, మొట్టమొదట చేసిన పని దానికి తలంటడం. చూశావా, ఎట్టా మెరుస్తందో అని ఆయన్ని తలుచుకుని మరీ రుద్దేదాన్ని."

ఆవిడ నవ్వింది. నిజంగానే నవ్వొచ్చింది ఆవిడకి, పైట నోటికి అడ్డం పెట్టుకుంది. "ఈయాళ ఉంటే ఊరంతా తిరిగి చెప్పేవాడండీ. ఏడాదిపాటు నన్ను బతకనిచ్చేవాడు కాదు." ఆ నవ్వు అలాగే ఉండగా కళ్ళలోంచి నీళ్ళు దిగాయి. తుడుచుకోలేదు.

"నువ్వే గెలిచావయ్యా అని చెబుదామంటే, మనిషి లేడు" అంది.

బందరు బస్సు వచ్చి ఆగింది. కండక్టరు రమ్మని పిలిచాడు. నేను వెళ్ళమని చెయ్యి ఊపి, ఆవిడ పక్కన ఆ రాతి మీదే కూర్చున్నాను.